జాక్సన్‌విల్ నీటి అడుగు రేంజ్: స్థలం ఎంపికకు ఎన్ని మార్కులు?

ఇంటి స్థలం చూడబోయేవాడు వరసగా మూడు ప్రశ్నలు అడుగుతాడు. రోడ్డు ఉందా, నీళ్ళు పడతాయా, లిటిగేషన్ ఏమైనా ఉందా. సముద్రం అడుగున స్థలం వెతికే నౌకాదళం అడగాల్సినవీ ఇవే. సబ్‌మెరైన్‌ని వేటాడటం నేర్పడానికి అమెరికా నౌకాదళం ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ ఎదురుగా ఎంచుకున్న చోటును ఈ మూడు ప్రశ్నలతోనే తూచి చూశాం. మార్కులు ముందే చెప్పేస్తే పేచీ ఉండదు: స్థలానికి 5కి 3.5, ఎంచుకున్న పద్ధతికి 2.5. రోడ్డు దగ్గర సంపాదించుకున్నది లిటిగేషన్ దగ్గర పోగొట్టుకున్నారు.

ముందు సరుకేమిటో చూద్దాం. దీని పేరు అండర్‌సీ వార్‌ఫేర్ ట్రైనింగ్ రేంజ్, అంటే నీటి అడుగు యుద్ధం నేర్పే మైదానం. ఒడ్డు నుంచి సుమారు 50 నావికా మైళ్ళ దూరంలో, 500 చదరపు నావికా మైళ్ళ మేర పరుచుకున్న సముద్రం. అంటే ఇంచుమించు 1,700 చదరపు కిలోమీటర్లు, పాత జీహెచ్ఎంసీకి రెండున్నర రెట్లు. లోతు 37 మీటర్ల దగ్గర మొదలై 274 మీటర్ల దాకా దిగుతుంది. మన జాలర్ల లెక్కలో 20 బారల నుంచి 150 బారలు. ఈ అడుగంతా దాదాపు 300 పరికరాలు పెట్టాలన్నది ప్లాను. ఒక్కోటీ వినగలదు, అవసరమైతే శబ్దం పంపగలదు కూడా. వీటిని కలిపే కేబుళ్ళన్నీ ఒక జంక్షన్ బాక్సుకు చేరి, అక్కడి నుంచి ఒకే లావుపాటి కేబుల్‌గా మేపోర్ట్ నౌకా స్థావరంలో ఒడ్డెక్కుతాయి. పేలే మందుగుండు వాడరు. అభ్యాసపు టార్పెడోలు, డమ్మీ లక్ష్యాలు, అసలు సోనార్ (శబ్దంతో వెతికే పరికరం), అసలు సబ్‌మెరైన్.

రేంజ్ లేకపోతే ఏమవుతుందో తెలిస్తే దీని విలువ తెలుస్తుంది. మామూలు సముద్రంలో కసరత్తు చేస్తే ఓడవాళ్ళు 'కొట్టాం' అంటారు, సబ్‌మెరైన్‌వాళ్ళు 'మేం అక్కడ లేనే లేం' అంటారు. ఎవరి లాగ్‌బుక్ వాళ్ళది. రేంజ్‌లో అయితే ఓడకీ, సబ్‌మెరైన్‌కీ, టార్పెడోకీ పింగర్లు ఉంటాయి. అవి నిర్ణీత సమయానికి కూత పెడతాయి. అడుగునున్న పరికరాల్లో ఏది ఎన్ని మిల్లీసెకన్ల తేడాతో విన్నదో లెక్కగట్టి, ఎవరు ఎక్కడున్నారో మీటర్లలో చెప్పేస్తారు. నీళ్ళలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది కాబట్టి ఒక్క మిల్లీసెకను పొరపాటు అంటే ఒకటిన్నర మీటరు పొరపాటు. కసరత్తు అయ్యాక మొత్తం గీతలు గీసి చూపిస్తారు. వాదించడానికి ఏమీ మిగలదు.

ఇలాంటి రేంజులు అమెరికాకు అప్పటికే ఉన్నాయి. బహామాస్‌లో ఆండ్రోస్ దీవి పక్కన ఆటెక్ ఉంది. హవాయిలో కవాయి దీవి దగ్గర బార్కింగ్ శాండ్స్, కాలిఫోర్నియాలో శాన్ క్లెమెంటే దీవి దగ్గర మరొకటి. ఆటెక్ ఉన్న చోటు పేరు టంగ్ ఆఫ్ ది ఓషన్, సముద్రం చాచిన నాలుక. లోతు 1,000 నుంచి 2,000 మీటర్లు. చుట్టూ దీవులూ తిన్నెలూ గోడల్లా నిలబడి బయటి రొదను ఆపేస్తాయి. పరీక్షలకు అంతకంటే మంచి గది దొరకదు. కానీ నిశ్శబ్దంగా దాగే డీజిల్ సబ్‌మెరైన్ ఎదురయ్యేది అలాంటి గదిలో కాదు. అది ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువ నీళ్ళలో, చేపల పడవల రొద మధ్య ఎదురవుతుంది. స్విమ్మింగ్ పూల్‌లో ఈత నేర్చినవాణ్ణి వరద గోదావరిలోకి దింపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది వ్యవహారం. తూర్పు తీరంలో లోతు తక్కువ రేంజ్ కావాలన్న పట్టుదల అందుకే. ఆ అవసరాన్ని తప్పుపట్టడానికి లేదు.

తక్కువ లోతుకు కట్టాల్సిన మూల్యం ఎంతో లెక్కేసి చూపిస్తే బాగా అర్థమవుతుంది. పింగర్ 10 మీటర్ల లోతున, వినే పరికరం 40 మీటర్ల లోతున అడుగులో ఉంది, మధ్య దూరం 2,400 మీటర్లు అనుకోండి. సూటిగా వచ్చే శబ్దానికీ, పైన అలల ఉపరితలాన్ని తగిలి వంగి వచ్చే శబ్దానికీ దారిలో తేడా మూడో వంతు మీటరు. కాలంలో 0.2 మిల్లీసెకన్లు. పైగా ఉపరితలం తిప్పికొట్టిన శబ్దం తలకిందులై వస్తుంది. రెండూ ఒకదాని మీద ఒకటి పడి ఒకదాన్నొకటి మింగేస్తాయి. దగ్గర్లోనే ఉన్న ఓడ ట్రాక్ ఉన్నట్టుండి తెరమీద మాయమయ్యేది ఇందుకే. ఇదే లెక్క పింగర్ 100 మీటర్లలో, పరికరం 1,500 మీటర్లలో ఉందనుకుని చెయ్యండి. తేడా దాదాపు 70 మిల్లీసెకన్లు వస్తుంది. మొదటి కూత విని, రెండోదాన్ని పక్కకు నెట్టేయడానికి కావలసినంత వ్యవధి.

దీనికి తోడు ఎండాకాలపు వేడి. పైనీరు ఒక డిగ్రీ వేడెక్కితే శబ్ద వేగం సెకనుకు 2 నుంచి 3 మీటర్లు పెరుగుతుంది. శబ్దం ఎప్పుడూ వేగం తక్కువున్న వైపుకే వంగుతుంది కాబట్టి, పైన వేడి కింద చలువ ఉన్నప్పుడు కిందికి వంగి ఇసుకకు కొట్టుకుని, మళ్ళీ లేచి, మళ్ళీ వంగి పోతుంది. ప్రతి దెబ్బకూ కొంత అరుగుతుంది. ఒక్కో పరికరం వినగలిగే దూరం తగ్గిపోతుంది. అందుకే వాటి మధ్య ఎడం 1 నుంచి 3 నావికా మైళ్ళే. 500ని 300తో భాగిస్తే ఒక్కోదాని వాటాకు వచ్చేది 1.7 చదరపు నావికా మైలు కూడా కాదు. సగటు ఎడం 2.4 కిలోమీటర్లు. లోతైన చోట ఇంత దట్టంగా నాటనక్కర్లేదు. 'తక్కువ లోతు, తక్కువ ఖర్చు' అనుకునేవాళ్ళు మొదట దెబ్బతినేది ఇక్కడే.

ఇక రోడ్డు సంగతి. పోటీలో నాలుగు చోట్లు నిలిచాయి: ఫ్లోరిడాలో జాక్సన్‌విల్, దక్షిణ కరొలినాలో చార్లెస్టన్, ఉత్తర కరొలినాలో ఆన్‌స్లో బే, వర్జీనియాలో వాలప్స్ దీవి ఎదురుగా ఒకటి. 2005లో విడుదల చేసిన పర్యావరణ ప్రభావ ముసాయిదా నివేదికలో మొగ్గు ఆన్‌స్లో బే వైపు ఉంది. చేపల వేట మీద బతికేవాళ్ళ నుంచీ పర్యావరణ సంఘాల నుంచీ అభ్యంతరాలు వెల్లువెత్తాయి. 2008లో మళ్ళీ రాసిన ముసాయిదాలో మొగ్గు జాక్సన్‌విల్‌కి మారింది. 2009 జూలై ఆఖరున నిర్ణయం ఖాయమైంది.

మార్పుకు గట్టి కారణమే ఉంది, అది సముద్రంలో కాదు, ఒడ్డున ఉంది. 2005 స్థావరాల కుదింపులో మెయిన్ రాష్ట్రంలోని బ్రన్స్‌విక్ వైమానిక స్థావరాన్ని మూసెయ్యాలని తేల్చడంతో అక్కడి గస్తీ విమానాల దళాలు జాక్సన్‌విల్‌కి వచ్చాయి. యుద్ధనౌకలు మేపోర్ట్‌లో ఉంటాయి. సబ్‌మెరైన్లు కొంచెం ఉత్తరంగా జార్జియాలోని కింగ్స్ బేలో. హెలికాప్టర్లు మేపోర్ట్‌లోనూ జాక్సన్‌విల్‌లోనూ. 15 నాట్ల వేగంతో (గంటకు 15 నావికా మైళ్ళు) పోయే ఓడకు 50 నావికా మైళ్ళంటే 3 గంటల 20 నిమిషాలు. అదే ఓడ మేపోర్ట్ నుంచి ఆన్‌స్లో బే పోవాలంటే 300 మైళ్ళకు పైనే, 20 గంటలు దాటుతుంది. రానూపోనూ రెండు రోజుల ఇంధనం, రెండు రోజుల సిబ్బంది కాలం దారిలోనే కరిగిపోతాయి. హెలికాప్టర్ సంగతి ఇంకా సూటి: 120 నాట్లతో 25 నిమిషాల్లో రేంజ్ మీదికి చేరి, పని చేసుకుని, భోజనానికి ఇంటికి రావచ్చు. ఆన్‌స్లో బే అయితే ఉన్న ఇంధనమంతా దారికే సరి. రోడ్డుకు 5కి 5 ఇవ్వడంలో మాకు సందేహం లేదు.

నేల ఎలాంటిది? ఎక్కువ భాగం ఇసుక, అక్కడక్కడ గట్టి రాతి పలకలు, వాటి మీద పగడం, స్పాంజ్, చేపల గుంపులు. ఇసుక శబ్దాన్ని బాగా తిప్పికొడుతుంది, బురద మింగేస్తుంది. సోనార్ నేర్చుకునేవాడికి ఈ తిప్పికొట్టే రొద తలనొప్పే కానీ, పాఠం కూడా అదే. కేబుల్ పూడ్చేవాడికి మాత్రం రాతి పలక శత్రువు. అందుకే ముందు మల్టీబీమ్‌తో (ఒకేసారి ఎన్నో శబ్ద కిరణాలు పంపి లోతు కొలిచే సోనార్) లోతుల పటం గీయాలి. తర్వాత సైడ్ స్కాన్‌తో (పక్కలకు శబ్దం పంపి అడుగు బొమ్మ తీసే సోనార్) ఏది ఇసుకో ఏది రాయో తేల్చాలి. పైపొర ఎంత మందమో చూసి అప్పుడు దారి గీయాలి. పటం మీద స్కేలు పెట్టి గీసిన తిన్నని దారి, పలక మీద పడితే అక్కడ కేబుల్ పూడదు. రెండు మిట్టల మధ్య తీగలా వేలాడుతుంది, ప్రవాహానికి ఊగుతుంది, అంచుకు ఒరుసుకుని కొన్నేళ్ళకు తెగుతుంది. పలక చుట్టూ తిప్పి వేస్తే కేబుల్ పొడవు పెరుగుతుంది కానీ పగడమూ బతుకుతుంది, కేబులూ బతుకుతుంది.

గల్ఫ్ స్ట్రీమ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. రేంజ్ ఖండపు తిన్నె (తీరాన్ని ఆనుకుని లోతు తక్కువగా ఉండే సముద్రపు అడుగు) మీద మొదలై దాని అంచు దాటి కిందికి దిగుతుంది. ఆ అంచు వెంబడే ఉత్తరానికి పరుగెత్తే వేడినీటి నది అది. దాని గట్టు ఒకచోట ఉండదు, మెలికలు తిరుగుతుంది. పొద్దున తీసిన ఉష్ణోగ్రత కొలత సాయంత్రానికి పనికిరాకపోవచ్చు. ట్రాకింగ్‌లో తప్పు వస్తే మొదట పరికరాన్ని కాదు, ఆ కొలత ఎన్ని గంటల పాతదో చూడాలి. రెండో ఇబ్బంది టార్పెడో వెనక్కి తెచ్చుకోవడం. మార్క్ 48 అభ్యాసపు టార్పెడో బరువు 1,600 కిలోల పైమాటే. పరుగు ముగిశాక పైకి తేలుతుంది. ప్రవాహం 3 నాట్లుంటే, పడవ చేరడానికి రెండు గంటలు పట్టిందంటే అది 6 మైళ్ళ అవతల ఉంటుంది. కాబట్టి వెతికే పడవ ఉత్తరం వైపున ముందే కాపు కాయాలి. తేలకుండా మునిగినా 274 మీటర్లే కాబట్టి ఆశ ఉంటుంది. ఆటెక్ లోతుల్లో మునిగితే అది వేరే కథ. టార్పెడో నడిపే రాగి తీగ, దాని గొట్టం మాత్రం ప్రతిసారీ అడుగునే ఉండిపోతాయి. ఏళ్ళ తరబడి పేరుకునే ఈ చెత్తకు మా లెక్కలో అర మార్కు కోత.

కేబుల్‌కు అసలు గండం ట్రాల్ వల. ఫ్లోరిడా తూర్పు తీరంలో రొయ్యల వేటకు ట్రాలర్లు అడుగును గీరుకుంటూ పోతాయి. వల నోరు తెరిచి ఉంచే బరువైన పలకలు ఇసుకలోకి దిగబడతాయి. అందుకే పెద్ద కేబుల్‌ను అడుగులో పూడ్చడం, అడుగు పరికరాలకు వల తగులుకోకుండా జారిపోయేలా బోర్లించిన చిప్పలాంటి ఆకారం ఇవ్వడం. ఒడ్డు దగ్గర గొయ్యి తవ్వరు. ఇసుక దిబ్బల కిందుగా అడ్డంగా బోరు వేసి, గొట్టం దూర్చి, అందులోంచి కేబుల్ లాగుతారు. తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుకను కదపనక్కర్లేదు, అలలకు కేబుల్ బయటపడే బెడదా ఉండదు. ఈ భాగం ప్లానులో లోపం పట్టడం కష్టం. ఒక్క మాట మాత్రం: 300 పరికరాలకూ ఒడ్డుకు పోయే దారి ఒక్కటే. ఆ ఒక్క కేబుల్‌కి లంగరు తగిలితే రేంజ్ మొత్తం చెవిటిది.

ఇప్పుడు లిటిగేషన్. పేరు నార్త్ అట్లాంటిక్ రైట్ వేల్, ఒక జాతి తిమింగలం. లోకంలో మిగిలినవి 400 లోపే. ఇవి ఈనేది జార్జియా, ఫ్లోరిడా తీరం దగ్గరే, నవంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా. తల్లీ పిల్లా నీటి పైపైనే, నెమ్మదిగా కదులుతుంటాయి. 1994లోనే ఆ తీరాన్ని రక్షిత ప్రాంతంగా గీశారు. రేంజ్ ఆ గీతకు బయట, బాగా తూర్పున ఉంది. నౌకాదళం వాదన దాని మీదే నిలబడింది. కానీ 2010 మార్చిలో, రేంజ్ కోసమే చేస్తున్న విమాన సర్వేలో, ఆ గీతకు అవతల ఒక రైట్ వేల్ ఈనడాన్ని పరిశీలకులు కళ్ళారా చూశారు. తిమింగలానికి మన పటం తెలియదు కదా. 2016లో ఆ గీతను విస్తరించారు కూడా.

ఈ వ్యవహారంలో ఎక్కువమంది సోనార్ మీదే పోట్లాడారు. బీక్డ్ వేల్స్ (ముక్కు పొడుచుకొచ్చిన తిమింగలాలు) విషయంలో ఆ భయానికి ఆధారం ఉంది. 2000 మార్చిలో బహామాస్‌లో 17 జీవాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, మధ్యస్థాయి ఫ్రీక్వెన్సీ సోనార్ పాత్రను నౌకాదళమే తర్వాత ఒప్పుకుంది. రైట్ వేల్‌కు మాత్రం అంతకంటే దగ్గరి గండం ఓడ ముక్కు. మేపోర్ట్ నుంచి రేంజ్‌కి పోయే ప్రతి ఓడా ముందు ఆ రక్షిత ప్రాంతాన్ని అడ్డంగా దాటాలి. మిగతా ఏ రేంజ్‌కి పోయినా మేపోర్ట్ ఓడ అదే నీళ్ళు దాటుతుందన్నది నిజమే, కానీ ఇంటి పక్కనే బడి పెడితే రాకపోకలు పెరుగుతాయి. 65 అడుగులకు మించిన ఓడలు ఈనే కాలంలో 10 నాట్లు దాటకూడదని 2008లో వచ్చిన నిబంధన ప్రభుత్వ నౌకలకు వర్తించదు. విమానాలు తిమింగలం కనబడిన చోటు చెబితే ఆ కబురు నౌకాదళపు జాక్సన్‌విల్ కంట్రోల్ కేంద్రం ద్వారా ఓడలకు చేరే ఏర్పాటు ఉంది. అది బాగానే పనిచేస్తుంది, పగటిపూట, మంచు లేనప్పుడు, సముద్రం ఊగనప్పుడు.

పద్ధతికి మేం మార్కులు కోసింది మాత్రం తిమింగలం కోసం కాదు. 2009 నిర్ణయంలో ఖాయం చేసింది రేంజ్ ఏర్పాటు వరకే. కసరత్తులకు అనుమతి సంగతి తర్వాత చూసుకుందాం అన్నారు. అప్పట్లో వార్తల్లో వచ్చిన ఖర్చు సుమారు 10 కోట్ల డాలర్లు. అంత డబ్బు అడుగున పరిచాక 'ఇక్కడ వద్దు' అనే ధైర్యం ఏ అధికారికి ఉంటుంది? పెళ్ళి మండపానికి అడ్వాన్సు కట్టేసి జాతకాలు చూపించుకోవడం లాంటిది. 2010లో పర్యావరణ సంఘాలు దావా వేశాయి. 2012లో జిల్లా కోర్టు, 2013లో అప్పీలు కోర్టు నౌకాదళం పక్షానే తీర్పు ఇచ్చాయి. చట్టం ప్రకారం అది చెల్లింది. ఎంపిక చేసేవాళ్ళు మాత్రం దీన్ని మోడల్‌గా తీసుకోకూడదు. కనీసం మూడు ఈనే కాలాల విమాన సర్వే, అడుగున వినే పరికరాలతో ఏడాది పొడవునా రికార్డింగ్, ఆ రెండూ చేతికొచ్చాకే కేబుల్ ఆర్డర్ ఇవ్వాలని మా అభిప్రాయం.

ఒక సానుకూలత కూడా చెప్పుకోవాలి. అడుగున పెట్టిన చెవులు టార్పెడోలనే కాదు, తిమింగలాలనూ వింటాయి. ఆటెక్‌లో 2007, 2008లో ఇలా విని తెలుసుకున్నదేమిటంటే, సోనార్ కసరత్తు మొదలవగానే బీక్డ్ వేల్స్ ఆ ప్రాంతం వదిలి పోయాయి, రెండు మూడు రోజులకు తిరిగొచ్చాయి. ఇలాంటి విషయం రేంజ్ లేకపోతే తేలేది కాదు.

పోల్చుకోవడానికి మరో రెండు. కెనడాలో వాంకూవర్ దీవి పక్కన నానూస్ రేంజ్ 1965 నుంచి నడుస్తోంది. దాదాపు 400 మీటర్ల లోతు, మెత్తని బురద అడుగు, గాలివాన పెద్దగా తగలని జలసంధి. మునిగిన టార్పెడోను బురదలోంచి తవ్వి తీసే పనిముట్లు అక్కడ మామూలే. దాని గొడవ తిమింగలం కాదు, టైటిల్. సముద్రపు అడుగు లీజు మీద రాష్ట్ర ప్రభుత్వంతో తగాదా ముదిరి, 1999లో కేంద్రం దాన్ని సేకరణ కింద తీసేసుకుంది. స్కాట్లాండ్‌లోని బ్యూటెక్ అనే రేంజ్, కొండల మధ్య ఇరుకైన లోతు నీళ్ళలో ఉంది. నిశ్శబ్దానికి బాగుంటుంది, రొయ్యల పడవలతో పేచీ తప్పదు.

విశాఖ పాఠకులకు ఇదంతా దూరపు సంగతి కాదు. టార్పెడోల ప్రయోగశాల ఎన్ఎస్‌టీఎల్ 1969 నుంచి అక్కడే ఉంది. లోతు తక్కువ నీళ్ళలో సబ్‌మెరైన్లను వెతకడానికే కట్టిన ఐఎన్ఎస్ అర్నాలా 2025 జూన్ 18న విశాఖలోనే నౌకాదళంలో చేరింది. బంగాళాఖాతంలో ఇలాంటి చోటు వెతికేవాళ్ళు జాక్సన్‌విల్ లెక్కలను యథాతథంగా దించుకుంటే దెబ్బతింటారు. మన తిన్నె ఇరుకు, అంచు త్వరగా వచ్చేస్తుంది, కాబట్టి రేంజ్ తీరం వెంబడి పొడుగ్గా సాగాలి. వానాకాలం తర్వాత నదుల మంచినీరు పైన పొరలా తేలుతుంది. ఉప్పు ఒక యూనిట్ (వెయ్యి పాళ్ళలో ఒక పాలు) తగ్గితే మన వెచ్చని నీళ్ళలో శబ్ద వేగం సెకనుకు సుమారు 1.1 మీటర్లు తగ్గుతుంది. ఎనిమిది యూనిట్లు తగ్గితే దాదాపు 9 మీటర్లు. అప్పుడు శబ్దం కిందికి కాదు, పైకి వంగుతుంది. ఉష్ణోగ్రత ఒక్కటే కొలిచే పరికరం ఈ సంగతి చెప్పదు, ఉప్పునూ కలిపి కొలిచేది దించాలి.

కేబుల్ పరచడానికి రోజులు మాత్రం మనకు క్యాలెండరే చూపిస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. అడుగును గీరే వల ఉండదు, వలలు తెగాయన్న పరిహారం తగాదా ఉండదు, ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం కూడా అప్పటికి చివరికొస్తుంది. ఒడ్డు దాటించే బోరు పని అంతకుముందే పూర్తి చేసి, కేబుల్ ఓడను ఏప్రిల్ మూడో వారానికి పిలవాలి. మే నెలలో తుపాను వస్తే ఓడ పని ఆపి రేవుకు పోవాలి, కాబట్టి తెంచి మూత బిగించి అడుగున వదిలేసే సామాను, మళ్ళీ వచ్చి ఆ కొసను వెతికి పట్టుకోవడానికి పింగరు మొదటి ప్రయాణంలోనే ఓడ మీద ఉండాలి.